అలబామా కొండల్లో ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్ - నా అనుభవం

ట్రయథ్లాన్ అంటే, ఈత, సైకిల్, పరుగు మూడూ వరసగా చేసే రేసు, ఏంటో ఇప్పుడు మనవాళ్ళలో చాలామందికి తెలుసు. గోవాలో 2019లో ఐరన్‌మ్యాన్ 70.3 (ఫుల్ ఐరన్‌మ్యాన్ అనే పొడవాటి ట్రయథ్లాన్‌లో సగం దూరం ఉండే రేసు) మొదలైన దగ్గర్నుంచి హైదరాబాద్ నుంచి కూడా వెళ్ళి చేసొస్తున్నారు, అంతకుముందు 2015లో మిలింద్ సోమన్ 50 ఏళ్ళు నిండటానికి కొన్ని నెలల ముందు జ్యూరిచ్‌లో ఫుల్ ఐరన్‌మ్యాన్ పూర్తి చేసినప్పుడు పేపర్లన్నీ రాశాయి. అందుకే నేను ట్రయథ్లాన్ చేశానని చెప్పగానే అందరూ "ఐరన్‌మ్యానా?" అనే అడుగుతున్నారు. కాదండి, నేను చేసింది ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్. తారు రోడ్డు అనేదే తగలదు. చెరువులో ఈత, అడవిలో రాళ్ళూ వేర్లూ నిండిన సన్న బాట మీద మౌంటెన్ బైక్, అలాంటి బాట మీదే పరుగు. ఎక్స్‌టెర్రా అని ఒక సిరీస్ ఉంది, అందులో అమెరికాలోని అలబామా రాష్ట్రం పెల్హామ్‌లో, ఓక్ మౌంటెన్ స్టేట్ పార్క్‌లో జరిగే రేసు చేశాను. దాని గురించి వివరంగా రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే ఇది.

లెక్కలు చూస్తే చిన్నగానే కనిపిస్తుంది. ఈత 1.5 కిలోమీటర్లు, సైకిల్ సుమారు 32, పరుగు సుమారు 10. ఒలింపిక్స్‌లో ఉండే ట్రయథ్లాన్‌లో సైకిల్ 40 కిలోమీటర్లు కదా, దాంతో పోలిస్తే తక్కువే అనుకుంటాం, కానీ రోడ్డు మీద గంటన్నరలో అయిపోయే సైకిల్ ఇక్కడ నాలాంటి వాళ్ళకి రెండున్నర గంటలు దాటుతుంది. ఎందుకంటే కాళ్ళతో తొక్కేది సగమే, మిగతా సగం చేతులతో, నడుముతో, కళ్ళతో తొక్కాలి. ఈ ఒక్క మాట అర్థమైతే చాలు, ఈ రేసుకి ఎలా తయారవ్వాలో దానంతటదే తెలుస్తుంది, నేను ఈ రాసేదంతా తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తుంది.

ఈ సిరీస్ కథ కూడా కొంచెం చెప్తా, నాకు ఇష్టం కాబట్టి. 1996లో హవాయిలోని మావీ దీవిలో మొదలైంది, అప్పుడు పేరు ఆక్వాటెర్రా, తర్వాత ఎక్స్‌టెర్రా అయింది. చాలా ఏళ్ళు వరల్డ్ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది, 2022లో ఇటలీలో మొల్వేనో అనే ఊరికి మార్చారు. దక్షిణాఫ్రికా నుంచి కాన్రాడ్ స్టోల్ట్జ్ అని ఒకాయన ఉన్నాడు, కేవ్‌మ్యాన్ అని పిలుస్తారు, నాలుగుసార్లు వరల్డ్ ఛాంపియన్. ఆడవాళ్ళలో నాకు ప్రాణం లెస్లీ ప్యాటర్సన్. స్కాట్లాండ్ ఆవిడ, 2011, 2012, 2018లో గెలిచింది. ఆవిడ సినిమా స్క్రీన్‌ప్లే రచయిత కూడా, ఒక నవల సినిమా హక్కులు చేజారిపోకుండా ఏళ్ళ తరబడి డబ్బులు కట్టుకుంటూ వచ్చింది, అందులో కొంత రేసుల్లో వచ్చిన ప్రైజ్ మనీయే. ఒకసారి కోస్టారికాలో రేసు ముందురోజు సైకిల్ మీద నుంచి పడి భుజం విరిగితే, ఒంటి చేత్తో ఈత కొట్టి ఆ రేసు గెలిచి ఆ డబ్బుతో హక్కులు నిలబెట్టుకుంది. 2023లో మన తెలుగు పాటకి ఆస్కార్ వచ్చిన రాత్రి చూశారు కదా, అదే రాత్రి అదే హాల్లో ఆ నవల మీద ఆవిడ స్క్రీన్‌ప్లే కూడా నామినేషన్‌లో ఉంది. మనకి తెలిసినవాళ్ళు ఎంతమంది ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నారో, వాళ్ళలో ఒక్కరికైనా ఆవిడ కొండల్లో సైకిల్ తొక్కే మనిషని తెలిసుంటుందా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నా సంగతికొస్తే, మాది కోనసీమ, ఉండేది అలబామా పక్కనున్న జార్జియా రాష్ట్రంలో కమింగ్ అనే ఊళ్ళో. అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఇదొకటి. ఈత చిన్నప్పుడే మా ఊరి కాలువలో వచ్చింది. అరటి బోదె పట్టుకుని కాళ్ళు కొట్టుకుంటూ మొదలుపెట్టాం, మా నాన్నగారు గట్టు మీద నిలబడి చూసేవారు, ఆడపిల్లకి ఎందుకండీ అని ఎవరన్నా అంటే కాలువ పక్కన పుట్టినదానికి ఈత రాకపోతే ఎలాగండీ అనేవారు. సైకిల్ కూడా స్కూల్‌కి తొక్కినదే. పరుగు మాత్రం ఇక్కడికొచ్చాక, పాప కాస్త పెద్దదయ్యాక మొదలైంది. 5కే, 10కే, తర్వాత హాఫ్ మారథాన్, ఆ వరసలో అందరిలాగే వచ్చాను. రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే ఇక్కడ నాకు కార్ల భయం, పక్కనించి అరవై మైళ్ళ స్పీడ్‌లో ట్రక్ పోతుంటే ప్రాణం చేతిలో పెట్టుకున్నట్టే. అడవిలో కార్లుండవు కదా అని మౌంటెన్ బైక్ వైపు వెళ్ళాను, అక్కడే ఇరుక్కుపోయాను.

నేర్చుకున్నది బ్లాంకెట్స్ క్రీక్‌లో, క్యాంటన్ దగ్గర. అట్లాంటా ఉత్తరం వైపు ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. మస్కిటో ఫ్లాట్స్ అని కొత్తవాళ్ళ కోసం చిన్న లూప్ ఉంటుంది, అది అలవాటయ్యాక డ్వెల్లింగ్ లూప్, ఆ తర్వాత రాళ్ళతో నిండిన వాన్ మైకేల్. అక్కడ ఒకావిడ పరిచయమైంది, స్కూల్ టీచర్, నాకంటే పదేళ్ళు పెద్ద. మొదటిరోజే ఆవిడ నన్ను ఒక పడిపోయిన చెట్టు మొద్దు ముందు నిలబెట్టి దాన్ని చూడొద్దంది. దాని అవతల ఉన్న బాట చూడు, చూపు ఎటుంటే సైకిల్ అటే పోతుంది, రాయిని చూస్తే రాయికే గుద్దుతావు అని. వినడానికి సులువు. కానీ ముందు చక్రం కింద తలకాయంత రాయి వస్తుంటే దాన్ని చూడకుండా పది అడుగుల అవతలికి చూడటం ఒంటికి అలవాటు చేయాలంటే అదే పని మీద ఉండాలి. ఒకే మలుపు, ఒకే రాయి, దిగి వెనక్కి నడిచి మళ్ళీ ఎక్కి మళ్ళీ దిగడం. పెడల్స్ రెండూ సమంగా ఉంచాలి, ఒకటి కిందకి వేలాడితే రాయికి తగిలి విసిరేస్తుంది. మోచేతులు బయటికి, వంచి ఉంచాలి. సీటు మీద కూర్చోకూడదు, లేచి నడుము వెనక్కి పెట్టాలి. బ్రేక్ ఒక్క వేలితో, అదీ రాయి రాకముందే వేసి రాయి మీద వదిలేయాలి. రాయి ఎక్కాక బ్రేక్ నొక్కితే ముందు చక్రం ఆగిపోతుంది, మనిషి ఆగడు.

నేను ఇది ఇంత సాగదీసి ఎందుకు చెప్తున్నానంటే, రోడ్ ట్రయథ్లాన్ నుంచి ఆఫ్‌రోడ్‌కి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఇంజన్, అంటే గుండె, కాళ్ళ శక్తి, పెంచుకునే పనిలో ఉంటారు. హార్ట్ రేట్, వాట్లు, జోన్ 2, ఇవే మాటలు. అవి కావాలి, కాదనను. కానీ దిగుడులో భయపడి బిగుసుకుపోయిన మనిషి ఎక్కుడులో సంపాదించిందంతా అక్కడే పోగొట్టుకుంటాడు, పైగా చేతులూ భుజాలూ పట్టేసి పరుగు దగ్గరికి వచ్చేసరికి సగం అయిపోయి ఉంటాడు. అందుకని నేను వారంలో ఒకరోజు పూర్తిగా ఈ దిగుడు పనికే పెట్టాను, ఆరోజు వాచ్ కూడా పెట్టుకునేదాన్ని కాదు. ఈతకి లేక్ లేనియర్, మా ఇంటికి దగ్గరే. చట్టహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన పెద్ద సరస్సు అది. పరుగుకి సానీ మౌంటెన్, పైన ఇండియన్ సీట్స్ దాకా ఎక్కి దిగడం. ఆదివారం మాత్రం సైకిల్ దిగిన వెంటనే షూస్ మార్చి పరుగు, ఎందుకో ముందు ముందు చెప్తా.

సైకిల్ గురించి కూడా అడుగుతున్నారు. ఫుల్ సస్పెన్షన్ తప్పనిసరి కాదు. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్‌తో నాకంటే బాగా దిగేవాళ్ళని చాలామందిని చూశాను. కానీ రెండు విషయాల్లో మాత్రం డబ్బు ఆలోచించొద్దు. ఒకటి ట్యూబ్‌లెస్ టైర్లు, లోపల సీలెంట్ ద్రవం ఉంటుంది, ముల్లు దిగినా అదే పూడుకుంటుంది, పైగా గాలి తక్కువ పెట్టుకోవచ్చు, నేను 22 పీఎస్ఐ పెడతాను, టైరు రాయిని పట్టుకుంటుంది. ట్యూబ్ ఉంటే ఆ గాలికి రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది. రెండోది డ్రాపర్ పోస్ట్, హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే సీటు కిందకి దిగిపోతుంది, నిటారు దిగుడులో నడుము వెనక్కి పెట్టడానికి చోటొస్తుంది. అది పెట్టించాక నా సగం భయం పోయింది, నిజంగా చెప్తున్నా.

రేసు మే నెలలో. అమ్మకి ఫోన్‌లో చెప్తే, "ఏంటే, ఆ కొండల్లో సైకిలేంటే నీకు, పిల్ల తల్లివి, ఎవరన్నా చూసేవాళ్ళుంటారా అక్కడ పడితే" అంది. అడుగడుక్కీ వాలంటీర్లు ఉంటారమ్మా అని చెప్పాను. "ఉంటే ఉంటార్లే, నువ్వు మెల్లిగా వెళ్ళు, అందరూ వెళ్ళాకే నువ్వు వెళ్ళు" అంది. సరేనమ్మా అన్నాను.

మా ఆయనా, పాపా, నేనూ శుక్రవారం బయల్దేరాం. అట్లాంటా దాటాక ఐ-20 పట్టుకుని పడమటికి పోతే బర్మింగ్‌హామ్, దానికి కాస్త దక్షిణంగా పెల్హామ్. అలబామాలో టైమ్ మా జార్జియా కంటే గంట వెనక, గడియారంలో ఆ గంట కలిసొచ్చింది. అపలాచియన్ పర్వతాల దక్షిణపు చివర అంటారే, అక్కడున్నాయి ఈ కొండలు. ఎత్తు చూస్తే పెద్దగా ఏం లేదు, హిమాలయాల ఫొటోలు చూసినవాళ్ళకి గుట్టల్లాగే కనిపిస్తాయి, కానీ ఆ రాళ్ళు చూడాలి. ఓక్ మౌంటెన్ అలబామాలో అన్నిటికంటే పెద్ద స్టేట్ పార్క్. లోపల బాటలు చాలావరకు చేసిందీ చూసుకునేదీ బంప్ అనే సైకిల్ వాళ్ళ సంఘం, బర్మింగ్‌హామ్ అర్బన్ మౌంటెన్ పెడలర్స్. వాన పడితే కాలువలు తీయడం, కొట్టుకుపోయిన చోట రాళ్ళు పేర్చడం, అన్నీ వాలంటీర్లే. మనం తొక్కే ప్రతి మలుపు వెనక ఎవరో శనివారం పొద్దున్నే పలుగూ పారా పట్టుకుని వచ్చిన మనిషి ఉన్నాడని గుర్తుంటే ఆ బాట మీద గౌరవం వేరేగా ఉంటుంది.

ముందురోజు సాయంత్రం కోర్సులో ముఖ్యమైన ముక్క చూడ్డానికి వెళ్ళాను. బ్లడ్ రాక్. పేరు వినే ఉంటారు ఈ పార్క్ గురించి తెలిసినవాళ్ళు. కొండ శిరస్సు మీద బాట సాగుతూ సాగుతూ ఒకచోట ఉన్నట్టుండి రాతి మెట్ల మీదకి విరిగి కిందకి పడిపోతుంది. మెట్లంటే మనిషి చెక్కినవి కాదు, ఒక్కోటీ ఒక్కో ఎత్తు, ఒక్కో వాలు, మధ్యలో చక్రం పట్టేంత సందులు, ఆ పైన మలుపు. నేను సైకిల్ పక్కన పడుకోబెట్టి కిందకి నడిచి, కింద నుంచి పైకి చూశాను, మళ్ళీ పైకెక్కి చూశాను. ఒక కుర్రాడు పైనించి వచ్చి ఆగకుండా దిగిపోయాడు, చూస్తే వెన్నలా ఉంది. వాడి వెనక వచ్చినాయన అదే గీత మీద వచ్చి రెండో మెట్టు దగ్గర ఆగాలనుకున్నాడు, అంతే, హ్యాండిల్ మీద నుంచి ముందుకి పోయాడు, మోచెయ్యి చీరుకుపోయింది. రేపు నేను ఇక్కడ దిగి నడుస్తాను అని అక్కడే నిర్ణయించుకున్నాను. నడిస్తే పోయేది నిమిషం లోపు. దిగడం ఎక్కడ, ఏ చెయ్యి సీటు కింద పట్టుకోవాలి, ఏ రాయి మీద అడుగు వేయాలి, మళ్ళీ ఎక్కేది ఎక్కడ అన్నీ చూసుకున్నాను. సైకిల్ ఎత్తుకుని రాళ్ళు దిగడం కూడా ఈ రేసులో ఒక పనే, దానికీ ప్రాక్టీస్ కావాలి.

రాత్రి కూలర్‌లో తెచ్చుకున్న పెరుగన్నం, ఆవకాయ. పొద్దున్న నాలుగున్నరకి లేచి రెండు ఇడ్లీలు, కాఫీ.

రేసు పొద్దున చేతి మీదా పిక్క మీదా మార్కర్‌తో నంబర్ రాస్తారు, పిక్క మీద వయసు కూడా. చీలమండకి టైమింగ్ చిప్. ట్రాన్సిషన్ ఏరియాలో, అంటే ఈత నుంచి సైకిల్‌కీ, సైకిల్ నుంచి పరుగుకీ మారే చోట, మన స్టాండ్‌లో సైకిల్ వేలాడదీసి దాని పక్కన చిన్న తువ్వాలు పరిచి అన్నీ వరసగా పెట్టుకోవాలి. హెల్మెట్ తిరగేసి హ్యాండిల్ మీద, అందులో కళ్ళజోడు, గ్లవ్స్. సైకిల్ షూస్ నోళ్ళు తెరిచి, సాక్సుల్లో కాస్త పౌడర్ చల్లి వేలి దాకా మడిచి. వెనకాల పరుగు షూస్, టోపీ. నీళ్ళు సీసాలో కాదు, వీపుకి తగిలించుకునే బ్యాగులో. ఇది కొత్తవాళ్ళకి తెలీదు, రోడ్డు మీదలాగా ఒక చెయ్యి వదిలి సీసా తీసి తాగే పరిస్థితి అడవిలో ఉండదు, చెయ్యి వదిలిన క్షణంలోనే వేరు ఒకటి వస్తుంది. బ్యాగు గొట్టం భుజం మీద నుంచి నోటి దగ్గర ఉంటే తాగుతూనే తొక్కొచ్చు. తినేదంతా ఎక్కుడులో తినేయాలి, అక్కడే బాట వెడల్పు. నేను ఖర్జూరాలు గింజ తీసి, లోపల ఉప్పు అద్ది పెట్టుకున్నా, పరుగుల్లో శక్తి కోసం తినే జెల్స్ రెండు కూడా.

ఈత డబుల్ ఓక్ లేక్‌లో. అమెరికా ట్రయథ్లాన్ రూల్స్ ప్రకారం నీళ్ళు 78 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉంటే వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూట్) వేసుకోవచ్చు, ఆరోజు వేసుకోవచ్చన్నారు, వేసుకున్నాను. హారన్ మోగగానే మొదటి రెండు వందల మీటర్లు ఎవరి చెయ్యి ఎవరి తల మీద పడుతుందో తెలీదు. నేను కావాలనే అంచు తీసుకున్నాను, కాస్త దూరం ఎక్కువైనా నా ఊపిరి నా చేతిలో ఉంటుంది. ఆరు బారలకోసారి మొసలిలాగా కళ్ళు మాత్రం నీటి పైకి తెచ్చి దారి చూపే నారింజ రంగు బోయ్ (నీళ్ళ మీద తేలే గుర్తు) ఎక్కడుందో చూసుకోవాలి, నీళ్ళ అడుగున గీతలుండవు కదా స్విమ్మింగ్ పూల్‌లోలాగా. నీళ్ళు ఆకుపచ్చగా, చల్లగా ఉన్నాయి. రెండో బోయ్ తిరిగాక ఎండ ఎదురైంది, అప్పుడు అద్దాల్లోంచి ఏం కనపడక ముందున్నవాళ్ళ కాళ్ళ నురగ పట్టుకుని పోయాను. బయటికొచ్చేసరికి పాప గట్టు మీద నుంచి "అమ్మా, అమ్మా" అని అరుస్తోంది, చుట్టూ ఉన్న అమెరికన్లు కూడా దానితో కలిసి అమ్మా అని అరిచారు.

సైకిల్ మొదట్లో చెరువు చుట్టూ చెట్ల మధ్య సన్న బాట, చల్లగా బాగుంటుంది, అక్కడ జనం ఆత్రంగా తొక్కేస్తారు. ఎవరైనా వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అంటే వీలున్న చోట కుడి పక్కకి జరిగి దారి ఇవ్వాలి, అది పద్ధతి. తర్వాత ఎక్కుడు. రెడ్ ట్రైల్ అంటారు, వెడల్పాటి మట్టి దారి, మైళ్ళ తరబడి పైకే. నిటారుగా ఉన్నచోట సీటు ముందు కొస మీదకి జరిగి, ఛాతీ హ్యాండిల్ మీదకి వంచి, చిన్న గేర్‌లో కాళ్ళు ఆగకుండా తిప్పాలి. లేచి తొక్కితే వెనక చక్రం గులకరాళ్ళ మీద జారిపోతుంది. చెమట కళ్ళల్లోకి కారుతోంది, ఆ తేమ అచ్చం మన గోదావరి జిల్లాల మే నెలే, ఆ ఒక్క విషయంలో నాకు పక్కవాళ్ళకంటే సుఖం. ఖర్జూరాలన్నీ అక్కడే తిన్నాను. అక్కడే ఒకాయన నన్ను దాటుకుని పోయాడు, పిక్క మీద చూస్తే 67. గుడ్ జాబ్, కీప్ స్పిన్నింగ్ అని వెళ్ళిపోయాడు, ఊపిరి కూడా ఎగదోయట్లేదు. అంత ఆనందం వేసింది నాకు ఆయన్ని చూసి, అరవై ఏడేళ్ళకి ఈ కొండ ఎక్కొచ్చన్నమాట అని.

పైన రాళ్ళ బాట మొదలవగానే సీటు దించేశాను. ఇక్కడే రేసు మారిపోయింది. ఎక్కుడులో నన్ను దాటినవాళ్ళు నలుగురైదుగురు ఒక్కొక్కరే కనపడటం మొదలైంది, ఒకరు దిగి నడుస్తున్నారు, ఒకరు పంక్చర్ వేసుకుంటున్నారు, ఒకరు రాళ్ళ మధ్య చక్రం ఇరుక్కుని పక్కకి ఒరిగారు. ఏమన్నా కావాలా అని అడిగితే బాగానే ఉన్నాను అన్నారు. నేను వేగంగా ఏం వెళ్ళట్లేదు, ఆగట్లేదు, అంతే తేడా.

బ్లడ్ రాక్ దగ్గర జనం. రేసు మొత్తంలో చూడ్డానికి ఎక్కువమంది వచ్చేది అక్కడికే, రాళ్ళ మీద కూర్చుని ఆవుగంట లాంటిది వాయిస్తూ అరుస్తుంటారు. అనుకున్న చెట్టు దగ్గర దిగాను. ఎడమ చెయ్యి హ్యాండిల్, కుడి చెయ్యి సీటు కింద, సైకిల్ నాకు కొండ వైపు కాకుండా లోయ వైపు. మొదటి మెట్టు, రెండోది, అక్కడ వెడల్పాటి రాయి మీద కుడి కాలు, తర్వాత సందు దాటి మట్టి. నేను దిగుతుండగా పైనించి ఒకమ్మాయి "రైడర్" అని కేక వేసింది, నేను ఒక పక్కకి అంటుకుపోయాను, ఆ అమ్మాయి నా పక్కనుంచి సైకిల్ మీదే దిగిపోయింది, టైర్లు రాయి మీద పడ్డ చప్పుడు మాత్రం చెవిలో ఉండిపోయింది. జనం ఆవిడకి ఎంత గట్టిగా అరిచారో, నడిచి దిగిన నాకూ అంతే గట్టిగా అరిచారు. ఈ ఆటలో నాకు బాగా నచ్చింది అదే. నడిచావేంటి అనే చూపు అక్కడ ఎవరి కళ్ళలోనూ లేదు.

ఆ తర్వాత దిగుడు మాత్రం ఒక్కచోట కూడా సైకిల్ మీద నుంచి దిగకుండా తొక్కాను. బ్లాంకెట్స్ క్రీక్‌లో ఆ టీచర్ గారు చెప్పిన ప్రతి మాటా ఒంట్లోంచి వచ్చింది, ఆలోచన లేదు, చూపు మాత్రం ముందుకి. జాన్సన్స్ మౌంటెన్ దిగి అడుగున మెత్తటి మట్టి మలుపుల్లోకి వచ్చాక ఎన్నాళ్ళుగానో లోపల బిగబట్టినదేదో వదిలినట్టు గట్టిగా కేక పెట్టాను, అడవిలో ఒక్కదాన్నే.

పరుగు కష్టమే. సైకిల్ దిగాక కాళ్ళు మన మాట వినవు, పిరుదుల దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా బిగుసుకుపోయి అడుగులు పొట్టిగా పడతాయి, అందుకే ఆదివారం ఆ సైకిల్-పరుగు ప్రాక్టీస్. మొదటి మైలు ఎలాగో ఓర్చుకుంటే తర్వాత వదులవుతాయని ఒంటికి తెలిసి ఉండాలి, తెలీకపోతే ఇక అయిపోయిందనుకుని నడక మొదలుపెడతాం. వేర్లు ఎక్కువున్న బాట, కాలు రెండంగుళాలు ఎక్కువ ఎత్తాలి, అలసిన కాలు ఎత్తదు, అక్కడే బోర్లా పడేది. ఎక్కుడుల్లో మోకాళ్ళ మీద చేతులు పెట్టి వేగంగా నడిచాను, చదునులో పరిగెత్తాను. దారిలో నీళ్ళూ అవీ ఇచ్చే ఎయిడ్ స్టేషన్‌లో ఐస్ ముక్కలు టోపీలో వేసుకుని నెత్తిన పెట్టుకున్నా, అవి కరుగుతూ మెడ మీదకి కారుతుంటే ప్రాణం లేచొచ్చింది. చివరి మైలులో ఆ 67 ఏళ్ళాయన ఎదురొచ్చాడు, అప్పటికే అయిపోయింది ఆయనకి, మెడల్ వేసుకుని తిరిగొచ్చి బాట పక్కన నిలబడి చివరివాళ్ళందరికీ చప్పట్లు కొడుతున్నాడు.

కటాఫ్‌కి, అంటే రేసు ముగించాల్సిన గడువుకి, బాగా ముందే పూర్తి చేశాను. నా వయసు వాళ్ళలో మధ్యలో ఎక్కడో వచ్చాను. మొత్తంలో ఆడవాళ్ళు తక్కువ, మనవాళ్ళు నేను కాక ఇంకెవరూ కనపడలేదు, అది మారాలని గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే ఈతా సైకిలూ పరుగూ మూడూ విడివిడిగా చేసేవాళ్ళు మా కమింగ్‌లోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అమ్మకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "దెబ్బలేం తగల్లేదు కదా", రెండోది "మరి ఏమిచ్చారే". మెడల్ వీడియో కాల్‌లో చూపిస్తే దగ్గరికి పెట్టమని, తిప్పమని, వెనకాల ఏం రాసుందో చదవమని అడిగింది.

ఒక్క జాగ్రత్త, రేసు అయిన వెంటనే గిన్నెల సబ్బుతో కాళ్ళూ చేతులూ చల్లటి నీళ్ళతో కడుక్కోండి. పాయిజన్ ఐవీ అని మూడేసి ఆకుల తీగ ఉంటుంది అక్కడ బాట పక్కన, దాని జిడ్డు ఒంటికి అంటితే రెండ్రోజులకి దద్దుర్లు లేచి వారాల పాటు వదలవు. మామూలు స్నానం దాకా ఆగితే ఆలస్యం అయిపోతుంది. ఒంటి మీద టిక్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) కూడా చూసుకోవాలి, మోకాళ్ళ వెనకా చెవుల వెనకా.

అట్లాంటా వైపు ఉండి మొదలుపెడదామనుకునే వాళ్ళుంటే ముందు సైకిల్ కొనకండి, అద్దెకిచ్చే షాపులుంటాయి, ఒక పూటకి తీసుకుని మస్కిటో ఫ్లాట్స్‌లో తిరగండి. ఆడవాళ్ళైతే నాతో రండి, శనివారాలు పొద్దున్నే వెళ్తాను. వాన పడిన మర్నాడు మాత్రం వెళ్ళొద్దు, ఆ ఎర్రమట్టి తడిగా ఉన్నప్పుడు తొక్కితే బాట పాడవుతుందని మూసేస్తారు, తెరిచారో లేదో చూసుకుని బయల్దేరండి.